ఇద్దరిని తీసేస్తే కొట్టు నిలబడుతుందా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తిరుపతి. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సందులో మాకు చీరల కొట్టు ఉంది. మా మామగారు పెట్టారు. మావారి ఆరోగ్యం బాగాలేక ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. అమ్మకాలకు ఐదుగురు ఆడవాళ్లు, గోడౌనుకు ఒక అబ్బాయి, లెక్కలకు ఒక గుమాస్తా, మొత్తం ఏడుగురు పనిచేస్తున్నారు. జీతాలు 9,000 నుంచి 11,000 వరకు, అందరికీ కలిపి నెలకు 66,500 ఇస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నరకు తెరిచి రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తాం. వారానికి ఒక రోజు సెలవు. సగటున నెలకు 9 లక్షల అమ్మకం, నూటికి 25 రూపాయల లాభం. అద్దె 45,000, అప్పు మీద వడ్డీ 22,000, కరెంటు 14,000, చిల్లర ఖర్చులు 20,000. కొట్లలో పనిచేసేవాళ్లకు కనీస వేతనం పెరగబోతోందని, మనిషికి 12,500 దాకా ఇవ్వాల్సి రావచ్చని, సిద్ధంగా ఉండమని మా ఆడిటరు చెప్పారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఇద్దరిని తీసేయమంటున్నాడు. పక్క కొట్టు ఆయన, 'బ్యాంకులో పూర్తిగా వేసి మూడు వేలు చేతికి తిరిగి తీసుకోండి' అంటున్నారు. ఇప్పటికే ఈ ఏడాది నలుగురు మానేసి పెద్ద షోరూములకు వెళ్లిపోయారు. పదిహేనేళ్లుగా ఉన్న ఆవిడకు 11,000 ఇస్తున్నాను. అందరికీ 12,500 అయితే ఆవిడా, నిన్న చేరిన అమ్మాయీ ఒకటే అయిపోతారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, కొట్టు లెక్కలు దాచకుండా రాశారు. అద్దె, వడ్డీ, కరెంటు అన్నీ ముందు పెట్టి సలహా అడిగేవాళ్లు చాలా తక్కువ. కాబట్టి నేనూ డొంకతిరుగుడు లేకుండా చెబుతాను. ఎవరినీ తీయవద్దు. పక్క కొట్టు ఆయన చూపిన దారిలో ఒక్క అడుగు కూడా వేయవద్దు. జీతాలు పెంచండి. అదీ ప్రభుత్వ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, ఈ నెల నుంచే కొంత మొదలుపెట్టండి.

మీ భయం ఉత్తదని మాత్రం అనను. మీ అంకెలే కాగితం మీద వేసి చూశాను. 9 లక్షల మీద మీకు వచ్చే లాభం 2,25,000. అందులో జీతాలతో సహా ఖర్చులన్నీ 1,67,500. మీకు మిగిలేది 57,500. ఏడుగురికీ 12,500 చొప్పున 87,500 అవుతుంది. పదిహేనేళ్లుగా ఉన్న ఆవిడకు మరో 1,500 కలపాలి. ఆ సంగతి చివర్లో చెబుతాను. మొత్తం 89,000. అంటే నెలకు 22,500 అదనపు భారం. మీకు మిగిలేది 57,500 నుంచి 35,000కు పడిపోతుంది. ఇంట్లో మందుల ఖర్చు పెట్టుకుని, రోజంతా గల్లా దగ్గర కూర్చునే మనిషికి ఇది చిన్న దెబ్బ కాదు. మీకు నిద్ర పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇదే 22,500ను ఇంకో వైపు నుంచి చూడండి. 9 లక్షల అమ్మకంలో అది నూటికి రెండున్నర. వెయ్యి రూపాయల చీర మీద 25 రూపాయలు. మీ సందులో బేరం ఆడకుండా చీర కొన్న మనిషి ఉంటుందా? వెయ్యి చెబితే తొమ్మిది వందల యాభైకి ఇచ్చిన రోజులు ఎన్ని? ఆ బేరంలో మీ చేతిలోంచి జారిపోయేదే ఈ పెంపుకు రెండింతలు. కనీస వేతనం పెరిగితే ధరలు మండిపోతాయని అనేవాళ్లు ఈ భాగహారం ఒక్కసారైనా చేసి చూడాలి. మీ కొట్లో ధర పెంచేది జీతం ఒక్కటే కాదు. సరుకు ఖరీదు, అద్దె, వడ్డీ కలిస్తే వాటి ముందు జీతాల వాటా చాలా చిన్నది.

ఇప్పుడు మీ అబ్బాయి లెక్క. ఇద్దరు అమ్మకందార్లను తీస్తే నెలకు 25,000 మిగులుతుంది, నిజమే. ఐదుగురు కలిసి 9 లక్షలు అమ్ముతున్నారు కాబట్టి ఒక్కొక్కరి చేతి మీదుగా 1,80,000 సరుకు కదులుతోంది. ఇద్దరివి 3,60,000. మిగతా ముగ్గురూ ఆ బేరాలన్నీ అందుకోగలరా? నాలుగో వంతు బేరాలు జారిపోయాయనుకుందాం. ఎదురు చూడలేక మెట్లు దిగిపోయే కుటుంబాలు ఆ మాత్రం తప్పకుండా ఉంటాయి. 90,000 అమ్మకం పోతుంది, దాని మీద లాభం 22,500 పోతుంది. 25,000 మిగిల్చుకోవడానికి 22,500 వదులుకున్నట్టు. మూడో వంతు జారిపోతే 30,000 పోయి, ఎదురు నష్టం. అదీ మామూలు నెలలో. శ్రావణ మాసంలో, దసరాకు, పెళ్లి ముహూర్తాలున్న వారాల్లో ముగ్గురితో ఆ కొట్టు నడపడం ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

మీ అబ్బాయిని ఒక ఆదివారం రమ్మని, పెళ్లివారు వచ్చిన వేళ ఒక మూల నిలబడి చూడమనండి. తెల్ల దుప్పటి పరిచిన అరుగు మీద ఎనిమిది మంది కూర్చుంటారు. చూపించే అమ్మాయి మొదట పెళ్లికూతురి ముఖం చూస్తుంది, తర్వాత వాళ్లలో డబ్బు సంచి ఎవరి ఒడిలో ఉందో చూస్తుంది. మాట పెళ్లికూతురితోనే, చీర తిప్పేది మాత్రం సంచి ఉన్న పెద్దావిడ వైపు. కొంగు పట్టుకుని ఒక్క విదిలింపుతో ఆరు గజాలూ పరుస్తుంది, కొంగును తన భుజం మీద వేసుకుని నిలబడి చూపిస్తుంది. ధర్మవరం అంచుకూ కంచి అంచుకూ తేడా చెబుతుంది, అసలు జరీ ఏదో కాని జరీ ఏదో అడగకముందే చెప్పి నమ్మకం సంపాదిస్తుంది. గంటన్నర అయ్యేసరికి నలభై చీరలు కుప్ప. కొన్నవి మూడు. వాళ్లు వెళ్లాక ముప్పై ఏడు చీరలూ అంచుకు అంచు కలిపి, కొంగు లోపలికి తిప్పి, పాత మడత గీత మీదే మళ్లీ మడత పడేలా అరచేత్తో ఒత్తి పెట్టాలి. మడత గీత తప్పితే చీర నలిగినట్టు కనిపిస్తుంది, తర్వాత ఆషాఢం తగ్గింపులో సగం ధరకు పోతుంది. ఈ పని కంప్యూటర్ చేయదు. మూడు నెలల కింద చేరిన పిల్ల కూడా పూర్తిగా చేయలేదు.

ఏడాదిలో నలుగురు వెళ్లిపోయారని రాశారు కదా, మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అది. నలుగురికి పని నేర్పి పెద్ద షోరూములకు పంపించారు. వెంకటగిరి నేతకూ మంగళగిరి నేతకూ తేడా తెలియని కొత్త మనిషి చేతిలో ఎన్ని బేరాలు చెడిపోయాయో ఏ పద్దులోనూ రాయరు. తక్కువ జీతానికి మీరు ఇప్పటికే ధర చెల్లిస్తున్నారు, అది జీతాల పద్దులో కనిపించదు, అంతే.

జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నదానికి దూరదేశంలో ఒక పెద్ద పరీక్షే జరిగింది. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. మన చిత్తూరులో పెంచి, సరిహద్దు దాటగానే వచ్చే వేలూరులో పెంచలేదనుకోండి, అలాంటి పరిస్థితి. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ రెండు చోట్లా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల లెక్కలను పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సేకరించారు. ఉద్యోగాలు ఊడిపోతాయని అందరూ అనుకున్నారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గలేదు. తిండి ధరలు మాత్రం కొంత పెరిగాయి. 1994లో ఆ ఫలితాలు అచ్చయినప్పుడు ఆర్థికశాస్త్రంలో పెద్ద గొడవే జరిగింది. 2021లో కార్డ్‌కు ఇలాంటి పరిశోధనలకే నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని నేను చెప్పను. సియాటెల్ నగరం 2014లో చట్టం చేసి, కనీస వేతనాన్ని మెట్లు మెట్లుగా గంటకు 15 డాలర్ల వైపు తీసుకెళ్లింది. 13 డాలర్ల మెట్టు దగ్గర తక్కువ జీతగాళ్లకు దొరికే పని గంటలు తగ్గాయని ఆ ఊరి విశ్వవిద్యాలయం వాళ్లే 2017లో తేల్చారు. హోటళ్లను మాత్రమే చూసిన బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులకు అలాంటి నష్టం కనిపించలేదు. ఈ వాదనలన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది: ఓ మోస్తరు పెంపును యజమానులు కొంత ధరలోకి, కొంత లాభంలోకి సర్దుకుంటారు. పని మానేసి పోయేవాళ్లు తగ్గడం వల్ల కొంత దానంతటదే సర్దుకుంటుంది. పెంపు మరీ నిటారుగా ఉంటే గంటలు కోస్తారు.

మన బజారులో మాత్రం కథ వేరు. ఇక్కడ గంటలు ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి గంటలు కోసే ప్రశ్నే రాదు. ఇక్కడ పెంపు దెబ్బ తగిలేది రిజిస్టరుకు. ఏడుగురు పనిచేసే కొట్లో నలుగురి పేర్లే రాస్తారు. లేదా పక్క కొట్టు ఆయన చెప్పినట్టు, బ్యాంకులో పన్నెండున్నర వేలు వేసి, సాయంత్రం ఆ పిల్లనే ఏటీఎంకు పంపి మూడు వేలు వెనక్కు తెమ్మంటారు. తన చేత్తో తన జీతం తీసి తెచ్చి ఇచ్చేటప్పుడు ఆ పిల్ల మనసులో మీ మీద ఏ గౌరవం మిగులుతుంది? రేపు గల్లాలో వంద తేడా వస్తే ఆమెను ఏ ముఖంతో అడుగుతారు? చట్టం సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి.

చట్టం కూడా చెబుతాను, వినండి. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు జాబితాలో ఉన్న పనులకే కనీస వేతనం, ఇప్పుడు ఆ జాబితాలతో పని లేదు. కేంద్రం ఒక అట్టడుగు వేతనం నిర్ణయిస్తుంది, రాష్ట్రం దానికి తగ్గకుండా తన అంకె ప్రకటించాలి. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీలోపు చేతికి అందాలి. తక్కువ ఇస్తే పనిచేసిన మనిషి మూడేళ్లలోపు ఎప్పుడైనా దావా వేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అది కాక 50,000 దాకా జరిమానా. పూర్తిగా ఇచ్చామని నిరూపించే బాధ్యత యజమానిదే. 'తక్కువకే ఒప్పుకున్నాను' అని సంతకం చేయించుకున్న కాగితం చెల్లదు. మూడు వేలు వెనక్కు తీసుకునే ఏర్పాటులో మీకు మిగిలేది ఎంతో, మీ నెత్తిన వేలాడేది ఎంతో ఇప్పుడు మీరే తూచుకోండి. నేను లెక్క వేసింది మీ ఆడిటరు చెప్పిన 12,500తో. ఖాయమైన అంకెను కార్మిక శాఖ ప్రకటనలోనే చూసుకోమనండి. మూల వేతనానికి ధరల సూచీతో ముడిపడిన కరువు భత్యం కలుస్తుంది, అది ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న ఏడాదికి రెండుసార్లు మారుతుంది. ఒకసారి పెంచి చేతులు దులుపుకుంటే కుదరదు.

ఈ అంకె ఎక్కడినుంచి వస్తుందో బట్టల వ్యాపారులకు ప్రత్యేకంగా చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది. 1957లో ఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి ఒక కొలత పెట్టింది. పనిచేసే మనిషి, జీవిత భాగస్వామి, ఇద్దరు పిల్లలు. తిండికి పెద్ద మనిషికి రోజుకు 2,700 కేలరీలు. తలదాచుకోవడానికి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తంలో నూటికి 20. గుడ్డకు ఆ నలుగురికీ కలిపి ఏడాదికి 72 గజాలు. మీ భాషలో చెప్పాలంటే పన్నెండు చీరల పొడవు. పిల్లల బడి బట్టలు, మగమనిషి చొక్కాలు, దుప్పట్లు అన్నీ అందులోనే. మీ దగ్గర పనిచేసే అమ్మాయి ఒక్క పెళ్లి బేరంలో, గంటన్నరలో, తన కుటుంబానికి మూడేళ్లకు సరిపోయే గుడ్డను విప్పి మళ్లీ మడత పెడుతోంది. 1991లో సుప్రీంకోర్టు ఒక కేసులో, పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం వీటి కోసం మరో 25 శాతం ఉండాలంది. ఇదీ కనీస వేతనం అంటే. విలాసం ఒక్కటి కూడా అందులో లేదు.

యజమానికి ఇచ్చుకునే స్తోమత లేకపోతే? ఆ ప్రశ్న కేరళ పెంకుల ఫ్యాక్టరీల యజమానులు అడిగారు. కనీస వేతనం నిర్ణయించేటప్పుడు యజమాని స్తోమత లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో ఇంకా ముందుకు వెళ్లి, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. మిమ్మల్ని బెదిరించాలని ఇది చెప్పడం లేదు. మీరు మంచి మనిషి కాబట్టే నిద్ర పట్టడం లేదు. కానీ మంచివాళ్లు కూడా చేస్తున్న ఈ తప్పుకు పేరేమిటో తెలియాలి.

నా సంగతి ఒకటి చెప్పనివ్వండి. మా అమ్మ చిత్తూరులో ఒక బట్టల కొట్లో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. రాత్రి ఆఖరి బస్సుకు ఊరికి వచ్చి, ఇంట్లోకి రాకముందే గడప మీద కూర్చుని కాళ్లు చాపుకునేది. పిక్కల మీద నరాలు నీలంగా, తాళ్లలా ముడులు పడి ఉబ్బేవి. కొట్లో ఆడవాళ్లు కూర్చోవడానికి ఒక్క పీట కూడా ఉండేది కాదు. బేరం లేని మధ్యాహ్నాల్లో కూడా నిలబడే ఉండాలి. ఒక దసరాకు సరుకు లెక్కలో ఒక పట్టుచీర తగ్గింది. దాని ఖరీదు నలుగురు ఆడవాళ్ల జీతాల్లోంచి మూడు నెలలు కోశారు. ఆ ఏడాది నాకు పండుగకు కొత్త పరికిణీ లేదు. తర్వాత సున్నాలకు అలమరలు జరిపినప్పుడు ఆ చీర గోడ పక్కన, దుమ్ములో పడి ఉంది. డబ్బు తిరిగి ఇవ్వలేదు. అడిగితే మానేయమంటారేమోనని అమ్మ అడగలేదు. మీరు అలా చేస్తారని నేను అనుకోను. అయినా చెబుతున్నాను, సరుకు తగ్గితే తప్పు ఎవరిదో తేల్చకుండా, ఆ మనిషి మాట వినకుండా జీతంలో కోత వేయకూడదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. జీతం కంటే అదే పెద్దది. తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అంటే రోజుకు 12 గంటలు. నెలకు 26 రోజులు వేసుకుంటే 312 గంటలు. 9,500 జీతాన్ని దానితో భాగిస్తే గంటకు 30 రూపాయలు. సందు చివర రెండు టీలు తాగితే అయిపోతుంది. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు. మీ దగ్గర 72 అవుతోంది. ఆ మిగతా 24 గంటలకు రెట్టింపు లెక్కన కట్టాలి. అది కూడా కలిపితే నేను పైన లెక్క వేసిన 22,500 ఏ మూలకూ రాదు. అందుకే జీతం పెంచడంతో పాటే గంటలు కుదించక తప్పదు, మీ మంచికే.

ఎలాగంటారా? మీ కొట్టు పదిన్నరకు తెరవండి, తొమ్మిదికి మూయండి. పొద్దున తొమ్మిదిన్నరకు పట్టుచీర కొనడానికి ఎవరు వస్తారు? దర్శనానికి వెళ్లేవాళ్లు కొండ మీద ఉంటారు, ఊరివాళ్లు వంటింట్లో ఉంటారు. అమ్మకందార్లలో ఇద్దరు పదిన్నరకు వచ్చి ఏడింటికి వెళ్లాలి, ముగ్గురు పన్నెండున్నరకు వచ్చి తొమ్మిది దాకా ఉండాలి. మధ్యలో అరగంట భోజనం. పన్నెండున్నర నుంచి ఏడు దాకా ఐదుగురూ ఉంటారు. గుమాస్తాకూ గోడౌను అబ్బాయికీ ఇదే పద్ధతి. పండుగ వారాల్లో అదనంగా ఉంచితే గంటలు రాసి, రెట్టింపు ఇచ్చేయండి. రోజుకు గంటన్నర దీపాలు, ఏసీలు ఆగితే కరెంటు బిల్లులో కూడా తేడా కనిపిస్తుంది.

ఇక 22,500 ఎక్కడినుంచి తేవాలి? సగం ధరలోకి పోనివ్వండి. వెయ్యికి పన్నెండు, పదమూడు రూపాయలు. కొత్త సరుకు మీద చీటీ వేసేటప్పుడే కలపండి, ఎవరూ గమనించరు. మిగతా సగానికి మీ 22,000 వడ్డీ వైపు చూడండి. ఏదైనా కష్టం రాగానే యజమానులు మొదట జీతాల పద్దు తెరుస్తారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. ఆ వడ్డీ దేనికి కడుతున్నారు? గోడౌనులో అమ్ముడుపోని చీరలకే కదా. రెండేళ్లు దాటిన సరుకును ఆషాఢంలో అసలు ధరకైనా తోసేసి అప్పు తగ్గించండి. తర్వాత సరుకు కోసం సూరత్‌కో, సేలంకో, కంచికో వెళ్లే ముందు ఆ ఐదుగురినీ అడగండి: ఏ రంగు అడిగి లేదన్నందుకు వెళ్లిపోతున్నారు, ఏ ధర దగ్గర చేయి ఆగిపోతోంది అని. అది మీకు గల్లా దగ్గర కూర్చుంటే కనిపించదు. వాళ్లకు రోజూ కనిపిస్తుంది. ఇంతచేసినా మొదటి ఆరు నెలలు మీ చేతికి మిగిలేది కొంత తగ్గుతుంది. తగ్గదని ఒట్టు వేసి చెప్పలేను.

'నేను ఇస్తాను సరే, పక్క కొట్టు ఇవ్వకపోతే?' అని మీకు రావచ్చు. వేతనానికి నేల గట్టిగా ఉండాలనేది అందుకే. అందరి కాళ్ల కింద అదే నేల ఉన్నప్పుడు, మనుషుల కడుపు కొట్టి ధర తగ్గించే పోటీలో మీరు ఓడిపోవాల్సిన పని ఉండదు. మీ వర్తక సంఘం సమావేశంలో ఈ మాట మీరే ఎత్తండి. ఒక ఆడమనిషి లేచి లెక్కలతో సహా మాట్లాడితే వింటారు. ఇంకొక మాట కూడా అక్కడ చెప్పండి. ఈ ఊళ్లో లాడ్జీల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లో, కొట్లలో పనిచేసే ఆడవాళ్లే మీ ఆరు వందల చీరకు గిరాకీ. యాత్రికులు ఏడాదికోసారి వస్తారు, వీళ్లు నాలుగుసార్లు వస్తారు. పక్క సందులో స్టీలు సామాన్ల కొట్లో అమ్మాయికి జీతం పెరిగితే అందులో కొంత మీ గల్లాలోకే వస్తుంది. ఆ కొట్టు యజమానికి మీ దగ్గర అమ్మాయి నుంచి వస్తుంది.

ఇక పదిహేనేళ్లుగా ఉన్న ఆవిడ విషయం. అందరికీ ఒకే 12,500 ఇస్తే చట్టం మిమ్మల్ని ఏమీ అనదు, ఆవిడ మనసు మాత్రం విరుగుతుంది. కనీస వేతనం పెరిగిన ప్రతి చోటా ఈ చిక్కు వస్తుంది. కింద ఉన్నవాళ్లు పైకి వస్తారు, పైన ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. అందుకే ఆ 1,500. కొత్తవాళ్లకు నేత, జరీ, మడత నేర్పే బాధ్యత ఆవిడకు అప్పగించి, దానికే ఇస్తున్నానని అందరి ముందూ చెప్పండి. మీరు ఏ పేరు తీయాలా అని రెండు రాత్రులు ఆలోచించారు కదా, ఆ కొట్లో చివరిదాకా ఉండాల్సిన పేరు అదే.

ఈ వారంలోనే ఐదు స్టూళ్లు కొనండి. కొట్లలో పనిచేసేవాళ్లు కూర్చునే హక్కును 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టంలోనే రాశాయి. మన దగ్గర దానికి చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఒకటో తేదీన తలకు వెయ్యి పెంచి మొదలుపెట్టండి, పూర్తి అంకె ప్రకటించిన నెలలో మిగతాది కలపండి. జీతం చీటీ మీద గంటలు కూడా రాసి ఇవ్వండి. ఇదంతా మొదట పదిహేనేళ్ల ఆవిడకు చెప్పండి. వేళల కాగితం ఆవిడతో కలిసి తయారుచేయండి. తొమ్మిదికి మూస్తే ఎవరికి ఏ బస్సు దొరుకుతుందో, ఎవరి ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో ఆవిడకే తెలుస్తుంది. ఆ బస్సు వేళలు ముందు రాసుకుని, కొట్టు మూసే వేళ వాటి పక్కన రాయండి.